అమ్మ బీడీలు చుడితే కూలి, నేను చుడితే పర్ఫార్మెన్స్. దీన్ని పట్టుకుని బతకొచ్చా?

గునుగుపువ్వు, హన్మకొండ

నమస్తే. నాకు ఇరవై మూడేళ్లు. మాది కోరుట్ల దగ్గర ఊరు. హైదరాబాద్‌లో బీఎఫ్ఏ పెయింటింగ్ పోయిన ఏడాది అయిపోయింది. ఇప్పుడు హన్మకొండలో చిన్నమ్మ వాళ్లింట్లో ఉండి ఒక ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేస్తున్నాను. జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీల మీద నాయకుల తలకాయలు కత్తిరించి అతికించడమే నా ఉద్యోగం.

అసలు విషయానికొస్తాను. ఫైనల్ ఇయర్ డిస్‌ప్లేలో అందరూ కాన్వాసులు పెట్టారు. నేను ఒక మూల చాప పరుచుకుని, ఒళ్లో చాట పెట్టుకుని ఆరు గంటలు బీడీలు చుట్టాను. వెనక గోడకు అమ్మ బీడీల లెక్క రాసే పుస్తకం పేజీలు పెద్దగా జిరాక్స్ తీయించి అంటించాను. మా అమ్మ ఇరవై ఆరేళ్లుగా ఇదే పని చేస్తోంది. నేను కూడా పదో తరగతి దాకా ఆకు కత్తిరించి ఇచ్చేదాన్ని, దారం కట్టేదాన్ని. అయినా ఆ రోజు ఆరు గంటల్లో నాకు అయినవి 212. అమ్మయితే ఆ టైంలో ఆరేడు వందలు చుట్టేస్తుంది.

సాయంత్రం అమ్మ చూడటానికి వచ్చింది. జనం మధ్యలోంచి వచ్చి ఒక బీడీ తీసి రెండు వేళ్ల మధ్య నొక్కి చూసింది. "గిది లూజున్నది బిడ్డా. గిసొంటియి ఇస్తే మొఖం మీద కొడ్తరు" అని పక్కనే కూర్చుని దాన్ని విప్పి మళ్లీ చుట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు అది కూడా షోలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. అమ్మ సిగ్గుపడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆ రోజు జరిగినదాంట్లో అదొక్కటే నిజంగా బాగా కుదిరింది. అది నేను ప్లాన్ చేసింది కాదు. మా ఫ్రెండ్ ఫోన్లో వీడియో తీసింది, ఆ ఫోన్ నెల తిరక్కుండానే బస్సులో పోయింది.

మా బాపు టీటీసీ అనే టీచర్ కోర్సు చేసి డ్రాయింగ్ టీచర్ పోస్టులకు చూడమంటున్నాడు. సంబంధాలు కూడా వస్తున్నాయి. "పిల్ల ఏం చేస్తది?" అని అడిగితే ఇంట్లోవాళ్లు "కంప్యూటర్ పని" అని చెప్తున్నారు.

నేను అడిగేది ఇది. ఇట్లా ఒంటితో, వీడియోతో, ఆడవాళ్ల పని గురించి ఆర్ట్ చేసి జీవితమంతా గడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆహా ఓహో కథలు వద్దు. ఎట్లా మొదలుపెట్టారు, ఎట్లా తిన్నారు, అది చెప్పండి చాలు. ఇంకోటి, అమ్మతో కలిసి వీడియో చేయాలని ఉంది. "నా మొఖం కనబడొద్దు" అంటోంది. మొహం లేకుండా ఎట్లా తీయాలి?

రంగులడబ్బా

చెల్లె, నేను 2012లో బీఎఫ్ఏ. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక గేమ్ కంపెనీకి బ్యాక్‌గ్రౌండ్లు గీస్తాను. ఈఎంఐలు కడుతున్నాను, పిల్లల స్కూల్ ఫీజు కడుతున్నాను. కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా. మన దగ్గర పెయింటింగ్ అమ్ముడుపోవడమే గగనం. వీడియో ఆర్ట్ కొనేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాప మీద కూర్చున్న మనిషిని ఎవరు కొంటారు, ఎక్కడ వేలాడదీస్తారు?

పెయింటర్ తోట వైకుంఠం గారిది మన బూరుగుపల్లే. ఆయన గీసిన ఆడవాళ్లు, ఆ పెద్ద బొట్టు, ఆ చీర రంగులు, వాటికి దేశమంతా గిరాకీ. అదే ఆడమనిషి బొమ్మలోంచి లేచి వచ్చి గ్యాలరీలో కూర్చుంటే గిరాకీ ఉండదు. ఇది మార్కెట్, నన్ను తిట్టొద్దు. ముందు మోషన్ గ్రాఫిక్స్ నేర్చుకో, ఉద్యోగం చూసుకో. ఆదివారాలు నీ ఆర్ట్ నువ్వు చేసుకో, ఎవరాపారు?

నాలుగ్గిన్నెల క్యారియర్

రంగులడబ్బా తమ్ముడు చెప్పింది అబద్ధమేం కాదు. కాకపోతే ఆ అమ్మాయి అడిగింది వేరు.

బిడ్డా, నాకు యాభై ఒకటి. వరంగల్లోనే ఉంటాను. ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. మీ బాపు నిన్ను చేయమన్న పని నేను ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను, అదేం పాపం కాదు. దాని జీతంతోనే నీకు ఇప్పుడు చెప్పబోయే పనులన్నీ చేశాను.

2003 ఎండాకాలం. అప్పటికి ఆజంజాహి మిల్లు మూతపడింది. మా బాపు అందులో స్పిన్నింగ్‌లో చేసేవాడు. రోజూ పదకొండున్నరకు మా అమ్మ క్యారియర్ సర్దేది. సైరన్ కూసేలోపు అది గేటు దగ్గర ఉండాలి. చిన్నప్పుడు సెలవుల్లో మోసింది నేనే. మిల్లు పోయాక కూడా మా అమ్మకు పదకొండున్నర కాగానే చేతులు ఊరుకునేవి కావు. క్యారియర్ గిన్నెలు కిందికి దించేది, ఒకసారి చూసుకునేది, మళ్లీ పైన పెట్టేసేది. ఎవరూ ఏమీ అనేవాళ్లం కాదు.

దాంతో నాకు ఒకటి తోచింది. ముప్పై రోజులపాటు రోజూ పన్నెండింటికి క్యారియర్ పట్టుకుని మిల్లు గేటు దాకా నడిచి వెళ్లాను. గేటు ముందు కూర్చుని, నాలుగు గిన్నెలూ విప్పి, తిని, సర్దుకుని వచ్చేసేదాన్ని. మొదటి రోజు వాచ్‌మన్ "ఎవరి కోసం?" అన్నాడు. ఎవరి కోసమూ కాదన్నాను. పిచ్చిదాన్ననుకుని మంచినీళ్లు ఇచ్చాడు. ఐదో రోజు ఒక ముసలమ్మ తన క్యారియర్ తెచ్చుకుని పక్కన చేరింది. ఆమె పెనిమిటి కూడా మిల్లు మనిషే. ఇరవయ్యో రోజుకు పదకొండు మందిమి అయ్యాం. ఎవరూ దాన్ని ఆర్ట్ అనలేదు. నేనూ అనలేదు, అంటే నవ్వుతారని భయం. పప్పులో పులుపు ఎక్కువైందని, ఎవరి కొడుకు భివండి పోయాడని, ఇవే మాటలు.

ఆ వాచ్‌మన్‌కు గేటు రిజిస్టర్ రాసే అలవాటు పోలేదు. లారీలు రావు, మనుషులు రారు. అయినా రోజూ తారీఖు వేసి కింద ఒక గీత గీసేవాడు. నేను వచ్చాక రాయడానికి ఒక పని దొరికింది. "ఆడమనిషి 1, క్యారియర్ 1, లోపలికి పోలేదు, 12.05 టు 12.40." తర్వాత తర్వాత "ఆడమనుషులు 11, క్యారియర్లు 9." ఇద్దరు ఊరికే మాట్లాడటానికి వచ్చేవాళ్లు. వాళ్లనూ వదల్లేదు మహానుభావుడు. ఒకరోజు ఆ పేజీ అడిగి తీసుకుని ఎదురుగా ఉన్న షాపులో జిరాక్స్ తీయించాను. సరదాకి. షాపతను రూపాయి తీసుకున్నాడు.

ఫొటోలు మా మేనబావ తీశాడు, ముప్పై ఆరు ఫొటోల రీలు ఒకటి. కడగడానికి ఇచ్చిన చోట లైటు తగిలి ఇరవై ఎనిమిది పోయాయి. మిగిలిన ఎనిమిదిలో ఏడింట్లో నా వీపే.

పదకొండేళ్లు గడిచాయి. 2014లో హైదరాబాద్‌లో ఒక పెద్ద షో పెడుతున్నవాళ్లకు ఎవరో చెప్పారట, ఫోన్ చేశారు. "మీ పని పెడతాం మేడమ్, డాక్యుమెంటేషన్ పంపండి." నా దగ్గర ఏముంది? మిల్లు గేటు దగ్గరికి పరుగెత్తుకుంటూ వెళ్లాను. వాచ్‌మన్ లేడు, రిజిస్టర్ లేదు. ఆ రూపాయి జిరాక్స్ మాత్రం మా అమ్మ రేషన్ కార్డు కవర్లో ఉంది. చివరికి ఫ్రేమ్ కట్టి గోడకు తగిలించింది దాన్నే. నా ముప్పై రోజుల పనికి సాక్ష్యం వాచ్‌మన్ చేతిరాత. కింద లేబుల్ మీద నా పేరు, దాని కింద "గృహిణి" అని వేశారు. మార్చమంటే ప్రింట్ అయిపోయింది మేడమ్ అన్నారు. బాల్‌పెన్‌తో కొట్టేసి "క్యారియర్ మోసిన మనిషి" అని రాసి వచ్చాను. ఇస్తామన్న డబ్బులో సగం వచ్చింది, అది కూడా తర్వాతి ఏడాది.

నువ్వు అడిగినటువంటి జీవితం ఒకటి చెప్తాను. అమెరికాలో మియర్ల్ లాడర్‌మన్ యూకలీస్ అని ఒక ఆర్టిస్టు ఉంది. 1939లో పుట్టింది. శిల్పం నేర్చుకుంటుండగా కడుపుతో ఉంటే గురువుగారు ఇక నువ్వు ఆర్టిస్టువి కాలేవు అన్నాడట. బిడ్డ పుట్టింది. పొద్దంతా పాలు, గుడ్డలు, గిన్నెలు. 1969లో కూర్చుని ఒక మ్యానిఫెస్టో రాసింది. సారం ఏమిటంటే, ఇన్నాళ్లూ నేను చేసిన ఊడ్చడం, తుడవడం, ఉతకడం ఇకమీదట నా ఆర్టే, అవి మ్యూజియంలో చేసి చూపిస్తాను అని. విప్లవాల మీద మోజు ఉన్న రోజులు కదా, అందులోనే ఒక ప్రశ్న కూడా వేసింది. విప్లవం వచ్చాక సోమవారం పొద్దున చెత్త ఎవరెత్తుతారు?

1973లో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో వాడ్స్‌వర్త్ ఎథీనియం మ్యూజియం మెట్లు, లోపలి బండలు గంటల తరబడి మోకాళ్ల మీద కూర్చుని కడిగింది. పసిపిల్లల గుడ్డలతో. అదే మ్యూజియంలో ఒక మమ్మీని పెట్టిన అద్దాల పెట్టె ఉంది. ఆ అద్దం తుడవడం రోజూ శుభ్రం చేసే మనిషి పని. ఈమె తుడిచి, ఇది ఆర్ట్ అని స్టాంపు వేసింది. ఇక చూడు, ఆ అద్దం తుడిచే హక్కు ఆ మనిషికి పోయింది. కళాఖండాలను కాపాడే కన్జర్వేటర్‌కే ఉంది. గుడ్డ అదే, అద్దం అదే. నీ హెడ్డింగ్ చదవగానే నాకు గుర్తొచ్చింది ఇదే.

1976లో న్యూయార్క్‌లో ఒక పెద్ద ఆఫీసు బిల్డింగులో పనిచేసే మూడు వందల మంది క్లీనింగ్, మెయింటెనెన్స్ వాళ్లను పట్టుకుంది. మీ షిఫ్టులో ఒక గంట మీ పనిని ఆర్ట్ అనుకుని చేయండి అని అడిగి, వాళ్ల ఫొటోలు తీసి గోడ నిండా పెట్టింది. దాని మీద రివ్యూ రాసిన ఒకాయన వెటకారంగా, ఇట్లా అయితే మునిసిపాలిటీ చెత్త డిపార్టుమెంటు కూడా ఆర్ట్ గ్రాంటుకు అప్లై చేసుకోవచ్చు అన్నాడు. న్యూయార్క్ దివాళా అంచున ఉన్న రోజులవి. ఈమె ఏం చేసింది? ఆ రివ్యూ జతచేసి సాక్షాత్తూ ఆ డిపార్టుమెంటు కమిషనర్‌కే ఉత్తరం రాసింది. రమ్మన్నారు. 1977 నుంచి ఆ డిపార్టుమెంటు రెసిడెంట్ ఆర్టిస్టు. అక్కడ 1979, 80ల్లో పదకొండు నెలలు ఊరంతా తిరిగి 8,500 మంది కార్మికుల్లో ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి, న్యూయార్క్‌ను బతికిస్తున్నందుకు థ్యాంక్స్ అని చెప్పింది. 1983లో ఒక చెత్త లారీకి చుట్టూ అద్దాలు బిగించింది. రోడ్డు మీద నిలబడ్డవాళ్లకు లారీలో తమ మొహమే కనబడేట్టు.

జీతమా? లేదు. ఆ డిపార్టుమెంటులో అన్నేళ్లూ జీతం లేని ఆర్టిస్టే. గ్రాంట్లే ఆధారం. ఆమె పని మొత్తాన్ని ఒకచోట పెట్టి క్వీన్స్ మ్యూజియం పెద్ద షో చేసింది 2016లో. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. అది పెట్టగలిగారు ఎందుకంటే ఉత్తరాలు, మ్యాపులు, ఫొటోలు, తిరిగిన తారీఖుల షెడ్యూళ్లు అన్నీ ఆమె దాచుకుంది కాబట్టి. నేను రూపాయి జిరాక్స్ దగ్గర ఆగిపోయాను.

మన దేశంలో రుమానా హుస్సేన్ సంగతి చూడు. 1992లో బాబ్రీ మసీదు కూలేదాకా ఆమె పెయింటరే. ఆ తర్వాత కాన్వాసు పక్కన పెట్టేసింది. 1995లో బొంబాయిలో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలో కాళ్లకు గజ్జెలు కట్టుకుని, చేతిలో కోసిన బొప్పాయి సగం చెక్క పట్టుకుని, అరుపు బయటికి రాకుండా నోరు తెరిచి నడిచింది. 1999లో క్యాన్సర్‌తో పోయింది, యాభై కూడా లేవు. పర్ఫార్మెన్స్ చేసింది ఎన్నేళ్లు? ఐదారేళ్లు. ఇవాళ ఆ బొప్పాయి గురించి హన్మకొండలో కూర్చుని మనం మాట్లాడుకుంటున్నామంటే ఎవరో ఆ రోజు కెమెరా పట్టుకున్నారు కనుకే.

డబ్బు విషయం కూడా దాచను. ఇరవై రెండేళ్లలో ఆర్ట్ వల్ల నాకు వచ్చింది మొత్తం మూడు లక్షల పద్దెనిమిది వేలు. నోట్‌బుక్‌లో రాసి ఉంది. పెట్టిన ఖర్చు రాయడం ఎప్పుడో మానేశాను. ఒకసారి ఊళ్లో పత్తి ఏరే ఆడవాళ్ల చేతుల వీడియో తెల్ల పంచె మీద వేస్తే కరెంటు పోయి, జనరేటర్ అద్దెకే రెండు నెలల జీతం ఊడ్చుకుపోయింది. అందుకని దీంతో బతకొచ్చా అంటే, దీంతో అన్నం రాదు. అన్నం ఇంకోచోటి నుంచి వస్తుంటే దీన్ని ముప్పై ఏళ్లయినా లాగొచ్చు. పెళ్లి చూపులవాళ్లకు మాత్రం కంప్యూటర్ పని అని చెప్పనీయకు. నేను చెప్పనిచ్చాను. పెళ్లయిన పదేళ్లకు కూడా మా ఆడబిడ్డ నన్ను ప్రింటర్ బాగుచేయమనేది.

అమ్మ మొహం వద్దంటే వద్దు. అందులో అడగడానికేం లేదు. చేతులు చాలు. కెమెరా స్టాండుకు బిగించి ఒకే చోట పెట్టి గంటసేపు కదిలించకు, కట్ చేయకు. కత్తెర చప్పుడు, దారం తెంపే చప్పుడు స్పష్టంగా రావాలి, ఫ్యాన్ ఆపేయి. ఆ రాత్రే ఒక కాగితం మీద ఏం జరిగిందో రాసి పెట్టుకో, పొద్దున్నకు సగం మర్చిపోతావు. మూడు చోట్ల దాచు. ఒకటి మీ ఇంట్లో ఉండొద్దు.

మెట్‌పల్లి పోరడు

అందరూ పెద్దపెద్ద విషయాలు చెప్తున్నారు. మా అమ్మ కూడా బీడీలే చేస్తుంది. మెడలు పట్టేసి రాత్రిళ్లు నిద్ర ఉండదు. కార్డులో పేరు ఒక అక్షరం తప్పు పడిందని ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగింది. నాతో పాటు చదివిన ఆడపిల్లల్లో సగం మందిని "బీడీలు వస్తయా?" అని అడిగి చేసుకున్నారు. వస్తే కట్నం తగ్గించేవాళ్లు.

గునుగుపువ్వు గారూ, మీరు ఆరు గంటలు చుట్టి మార్కులు తెచ్చుకున్నారు. చప్పట్లు కూడా వచ్చాయి. మా అమ్మకు ఇరవై ఏళ్లలో ఒక్కరు కొట్టలేదు. దీంట్లో మీ అమ్మగారికి ఏమొచ్చింది? ఒక మాట నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా, ఆ 212 బీడీలు ఏం చేశారు?

కాజీపేట లోకల్

మెట్‌పల్లి తమ్ముడి ప్రశ్నకు జవాబు ఆమే చెప్పాలి. నేను దరఖాస్తుల సంగతి మాత్రం చెప్పి పోతా. పదేళ్లుగా ఆర్టిస్టులకు ఫైళ్లు తయారుచేసి పెడుతుంటాను.

ఢిల్లీలో ఖోజ్ అని ఆర్టిస్టులే 1997లో మొదలుపెట్టిన సంస్థ ఉంది. కొన్నాళ్లు అక్కడే ఉండి పని చేసుకునే వాళ్ల పీర్స్ రెసిడెన్సీ అప్పుడే కాలేజీ దాటిన నీలాంటివాళ్ల కోసమే. ఇలాంటి వింత పనులకు వాళ్లు అలవాటు పడ్డవాళ్లు, అర్థం చేయించే బాధ తక్కువ. బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ (ఐఎఫ్ఏ) గ్రాంట్లు ఇస్తుంది, ఇంగ్లీషే కావాలని లేదు, తెలుగులో కూడా రాసి పంపొచ్చు. మన పిల్లలు ఇంగ్లీషుకు భయపడే అసలు అప్లై చేయరు. కొచ్చి బినాలే అనే పెద్ద ఆర్ట్ ప్రదర్శన జరిగినప్పుడల్లా విద్యార్థుల కోసం స్టూడెంట్స్ బినాలే ఉంటుంది, నీ జూనియర్లకు చెప్పు.

రంగులడబ్బా అన్న అన్నట్టు చాప మీద కూర్చున్న మనిషిని గోడకు తగిలించలేం, నిజమే. ఫొటోను తగిలించొచ్చు కదా. పుష్పమాల ఎన్. శిల్పం చదివిన మనిషి. 1990ల రెండో సగంలో కెమెరా ముందు తానే వేషాలు కట్టడం మొదలుపెట్టింది. 2000 నుంచి 2004 దాకా ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి చేసిన దక్షిణ భారత స్త్రీల సిరీస్‌లో రవివర్మ లక్ష్మిగా తానే నిలబడింది, పోలీసులు పట్టుకున్న దొంగగా కూడా తానే. ఐఎఫ్ఏ గ్రాంటుతో చేసిన పని అది. చేసినంతసేపు వేషం, ఆ తర్వాత ప్రింటు. ప్రింటును లెక్కగా ఇన్ని కాపీలే అని నంబరు వేసి అమ్మొచ్చు.

ఫైలు పదిహేను పేజీలు దాటనీయకు. ఆరంభంలోనే "స్త్రీ అంటే శక్తి" అని రాస్తే నేను చూడను. అమ్మ బీడీ నొక్కి చూసిన ముచ్చట రాయి, అది మొదటి పేజీలో ఉండాలి.

గునుగుపువ్వు, హన్మకొండ

అందరికీ థ్యాంక్స్. రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. షాపులో ఎవరిదో గృహప్రవేశం, ఎనిమిది ఫ్లెక్సీలు.

మెట్‌పల్లి అన్నా, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ 212 ఏమయ్యాయంటే, డిస్‌ప్లే అయిన మర్నాడే అమ్మ అన్నీ మూట కట్టుకుని ఊరికి తీసుకెళ్లింది. విప్పి, ఆకు పనికొచ్చినవి ఉంచి, మిగతావి వేరే ఆకులో మళ్లీ చుట్టి, తన కట్టల్లో కలిపి ఇచ్చేసింది. ఆకూ తంబాకూ లెక్క ఉంటుంది కదా, తక్కువ పడితే తన మీద పడుతుందని. అంటే నా డిగ్రీ పనిని ఎవరో తాగేశారు. అప్పుడు ఏడ్చాను కూడా. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. అమ్మకు ఏమొచ్చిందంటే, ఆ కూలి వచ్చింది. నా వైపు నుంచి ఏమీ రాలేదు. మీరు అడిగేదాకా ఆ ఆలోచనే రాలేదు.

క్యారియర్ అక్కా, మీరు ఆ రిజిస్టర్ సంగతి రాసింది చిన్నమ్మకు కూడా చదివి వినిపించాను. "గా ముసలమ్మ ఏం కూర తెచ్చింది?" అని అడిగింది.

నాలుగ్గిన్నెల క్యారియర్

దొండకాయ. రోజూ దొండకాయే. వాళ్ల పెరట్లో పాదు ఉండేది.

మెట్‌పల్లి బాబు అడిగింది నన్ను కూడా ఎవరూ అడగలేదు. ఆ పదకొండు మంది పేర్లు నా దగ్గర లేవు. రిజిస్టర్‌లో అంకె ఉంది, నా లేబుల్ మీద నా ఒక్కదాని పేరు ఉంది. "గృహిణి" కొట్టేసినప్పుడు ఎంత రోషం వచ్చిందో, అదే కాగితం మీద వాళ్ల పేర్లు లేవని అప్పుడు తట్టలేదు. ఇద్దరివి ఇంకా కనుక్కోవచ్చేమో. రేపు ఆదివారం మిల్స్ కాలనీ పోయి అడుగుతాను.

గునుగూ, అమ్మకు గంటకు ఎంతో లెక్క కట్టి ఇవ్వు. ఇచ్చి కాగితం మీద సంతకం తీసుకో. దయ తలచినట్టు కాకుండా కూలి ఇచ్చినట్టు ఇవ్వు.

గునుగుపువ్వు, హన్మకొండ

ఆదివారం ఊరికి పోయి వచ్చాను. తీశాను.

ఫోన్‌కు స్టాండు లేక సైకిల్ ట్యూబు ముక్కతో స్టూలు కాలికి కట్టాను. అమ్మ చేతులు, చాట, మోకాలు, అంతే కనబడతాయి. ఫ్యాన్ ఆపాను, ఉక్కపోతకు అమ్మ తిట్టింది, ఆ తిట్టు కూడా రికార్డ్ అయింది. గంట సేపు కదల్లేదు. తర్వాత చూపిస్తే, "మెల్లగ చుట్టినట్టు కనబడ్తుందేందే, నేను గింత మెల్లగ చుట్టను" అంది. స్లో చేయలేదమ్మా అంటే నమ్మలేదు, గోడ గడియారం చూసుకుంటూ మళ్లీ చూసింది.

కూలి దగ్గర బేరం ఆడింది. వెయ్యికి వచ్చే లెక్కన ఇస్తానంటే, "బీడీలకు అది. కెమెరా ముంగట కూసున్నందుకు ఏరే" అంది. బాపు పక్కన నవ్వుతున్నాడు. రెండూ కలిపి ఇచ్చాను, ఫ్లెక్సీ డబ్బుల్లోంచి.

కాగితం మీద అక్క వాళ్ల వాచ్‌మన్ లాగానే రాశాను. "చేతులు 2, మొహం లేదు, బీడీలు 107, 4.10 టు 5.10." కింద అమ్మ సంతకం పెట్టాలి. పెన్ను తీసుకుంది, ఆగింది. చాటలోంచి ఒక బీడీ ఏరి నొక్కి చూసి పక్కన పెట్టింది.

"గిది నడవది. 106 రాయి."

కొట్టేసి 106 రాశాను. అప్పుడు పెట్టింది సంతకం.